కెమెరా కూడా ఒక కన్నే

వివాహ వేడుకలో అందరికన్నా ముందు వచ్చి, అందరికన్నా చివర వెళ్ళే వ్యక్తి ఒకరుంటారు. ఆయన బంధువు కాడు, అతిథీ కాడు. అయినా వధూవరులకు అత్యంత సమీపంలో నిలబడేది ఆయనే. ఆయనే ఫోటోగ్రాఫర్. ఆ రోజును రేపు మన మనుమలు చూడబోయేది ఆయన కన్నుతోనే. మరి ఆ కన్నుకు మన ఇంట హద్దులేమిటో నిర్ణయించవలసినది ఎవరు?

కెమెరా చిత్రాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్నది. చిత్రకారులను గురించి హదీసులలో వచ్చిన హెచ్చరిక ఫోటోకు సైతం వర్తిస్తుందని కొందరు, అది కేవలం ప్రతిబింబాన్ని నిలిపి ఉంచడమేనని మరికొందరు అంటారు. ఆ చర్చ ఈ పుటలో తేలేది కాదు. అయితే పరదాను, ఇంటి గుట్టును కాపాడాలన్న విషయంలో ఇరుపక్షాలదీ ఒకే మాట. మన లోపమంతా అక్కడే ఉన్నది.

ఈ సమస్య మన నగరానికి కొత్తది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్. మీరట్ సమీపంలోని సర్ధానాలో 1844లో జన్మించిన ఆయన ఇక్కడ గొప్ప పేరు గడించారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ఆయన హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియోను నెలకొల్పారు. దాని చుట్టూ ఎత్తైన గోడలు. లోపల కెమెరా పట్టినది కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ. సహాయకులూ స్త్రీలే. ముస్లిమేతరుడైన ఒక వృత్తి నిపుణుడు మన స్త్రీల పరదాను అంతగా గౌరవించారు. నేడు మన ఇళ్ళలో మనమే దానిని ఎంత గౌరవిస్తున్నాము?

గౌలిపురలో ఫోటోగ్రాఫర్‌గా జీవనం సాగిస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకరు ఇటీవల చెప్పిన మాటలు ఆలోచింపజేశాయి. "మౌలానా సాబ్, జనానా వైపు మా చెల్లెలే ఫోటోలు తీస్తుంది. నేను పరదా దాటను. కానీ బంధువుల చేతుల్లోని ఫోన్లను ఆపేదెవరు? మా ఆల్బమ్ తయారయ్యేలోగా పెళ్ళికూతురి ముఖం ఎందరి స్టేటస్‌లలోనో కనిపిస్తుంది. ఆమెను అడిగినవారు ఒక్కరూ ఉండరు" అన్నాడు.

పెళ్ళిలో నిజంగా అందమైనది ఏమిటని అడిగాను. "స్టేజీలు, అద్దె పూలు, సోఫాలు ఫోటోలో అన్నీ ఒకేలా ఉంటాయి. ఏడాది గడిచాక వాటిని మళ్ళీ అడిగేవారు లేరు. ఖబూల్ అన్న మాట విన్నప్పటి తండ్రి ముఖం, సియాహాపై సంతకం చేసే పెద్దల చేతులు, ఒక మూల తస్బీహ్ తిప్పుతూ కూర్చున్న నానీ... ఇవే అడుగుతారు. వీటికి ఖర్చేమీ లేదు" అని చెప్పాడు. కాసేపు ఆగి, "ఇషా నమాజుకు వెళ్తానంటే ముఖం చిట్లించేవారున్నారు. భోజనం చేశావా అని అడిగేవారు తక్కువ" అన్నాడు.

దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌నూర్ అధ్యాయం ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా ప్రవేశించవద్దని ఆదేశిస్తున్నది. చూపులు వాల్చుకోమన్న ఆజ్ఞ అదే అధ్యాయంలో మొదట పురుషులకు, ఆ తరువాత స్త్రీలకు వచ్చినది. ఒకసారి ఒక వ్యక్తి దైవప్రవక్త (స) గృహంలోకి రంధ్రం గుండా తొంగిచూశాడు. ప్రవక్త (స) తీవ్రంగా మందలించి, అనుమతి కోరే నియమం ఏర్పడినదే చూపు కారణంగా అని బోధించారు. తలుపు రంధ్రం గుండా చూసిన కన్నుకే అంతటి మందలింపు ఉంటే, అనుమతి లేకుండా తీసి ఊరంతా పంచిన చిత్రం సంగతి ఏమిటి? ఆ కన్ను ఒక్కసారి చూసినది. ఈ చిత్రాన్ని ఎందరు, ఎన్నేళ్ళు చూస్తారో పంపినవారికే తెలియదు.

ఖైబర్ నుండి తిరుగు ప్రయాణంలో హజ్రత్ సఫియ్యా (ర)తో జరిగిన వివాహ సందర్భంగా ప్రవక్త (స) వలీమా ఇచ్చారు. తోలు పరచి ఖర్జూరాలు, ఎండిన జున్ను, నెయ్యి వడ్డించారు. రొట్టె లేదు, మాంసమూ లేదు. ఆ విందును కళ్ళారా చూసి మనకు తెలిపినవారు హజ్రత్ అనస్ (ర). పధ్నాలుగు శతాబ్దాల తరువాత కూడా ఆ పంక్తి మన కళ్ళ ముందు నిలుస్తున్నది. వేడుకను నిలబెట్టేది ఆడంబరం కాదు, అందులోని శుభమూ చూసినవారి నిజాయితీయే.

కనుక, తల్లిదండ్రులారా! పెళ్ళి తేదీ ఖాయం చేసుకున్నప్పుడే ఈ మాటలు కూడా ఖాయం చేసుకోండి. జనానా వైపు మహిళా ఫోటోగ్రాఫర్‌నే పిలవండి. అక్కడ ఫోన్లు బయటికి తీయవద్దని పెద్దల నోట ముందే చెప్పించండి. ఏ ఫోటో ఎవరికి చేరాలో పెళ్ళికూతురినే అడగండి. చిత్రాలను ప్రచారానికి వాడుకోరాదని ఫోటోగ్రాఫర్‌తో స్పష్టంగా రాయించుకోండి. అవి ఆయన దగ్గర అమానత్. ఆయన నమాజుకు, భోజనానికి వ్యవధి ఇవ్వండి. అది మీ దగ్గర ఉన్న ఆయన హక్కు.

మన ఇళ్ళలోని శుభకార్యాలకు అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక! మన బిడ్డల గౌరవాన్ని కాపాడే బుద్ధిని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.