మర్యాదలు బోధించు హదీసులు – మన అవగాహన

గత వేసవిలో బేతంచెర్ల ప్రాంతమందలి ఒక చిన్న మస్జిదులో మేము మధ్యాహ్నపు నమాజుకు ఆగినాము. నాపరాయి గనిలో పని ముగించుకొని వచ్చిన ఒక వృద్ధుడు, తలనిండ రాతిదుమ్ముతో, కుండలోని నీటిని గ్లాసుతో ముంచుకొని నిలబడియే త్రాగుచున్నాడు. కళాశాలలో చదువుకొనుచున్న ఒక యువకుడు, "చాచా, నిలబడి త్రాగుట హరామ్. ఇంత వయస్సు వచ్చినా తెలియదా?" అని పదిమంది వినునట్లు గద్దించినాడు. ఆ వృద్ధుడు సగము త్రాగిన గ్లాసును క్రింద పెట్టి, తలవంచుకొని వెనుక వరుసలో నిలబడినాడు. యువకుని మాటకు హదీసులో ఆధారము లేకపోలేదు. అయినను ఆనాడు అతడు హదీసును అర్థము చేసికొన్నాడని మేము అనలేము.

నిలబడి నీరు త్రాగుటను దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వారించినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. అదే ప్రవక్త జమ్‌జమ్ నీటిని నిలబడి త్రాగినారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పిన మాట బుఖారీ, ముస్లిం రెండు సంకలనములలోను ఉన్నది. హజ్రత్ అలీ (రజి) కూఫా నగరమున అందరి యెదుట నిలబడి నీరు త్రాగి, దీనిని కొందరు తప్పుగా తలచుచున్నారనియు, ప్రవక్త ఇట్లే చేయగా తాము చూచినామనియు తెలిపినారు. 13వ శతాబ్దపు పండితుడు ఇమామ్ నవవీ వీటిని సమన్వయించుచు, కూర్చుండి త్రాగుట ఉత్తమమనియు, నిలబడి త్రాగుటకు అనుమతి కలదనియు, ఆ వారింపు మర్యాదకు సంబంధించినదే గాని హరామ్ కాదనియు వివరించినారు. ఒక్క హదీసు చదివినవాడు గద్దించినాడు. మూడు చదివినవాడు ఊరకుండును, లేదా ఆ వృద్ధునికి ఒక పీట తెచ్చి వేయును.

హదీసు యొక్క స్థాయి ఎంత ముఖ్యమో, దాని సందర్భమును అంతే ముఖ్యము. శుక్రవారపు స్నానము యుక్తవయస్కులందరికి విధి అని ఒక హదీసు చెప్పుచున్నది. దాని వెనుకనున్న కథను హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినారు. ఆనాటి జనులు తమ పనులు తామే చేసికొను శ్రమజీవులు. మదీనా శివార్ల నుండి దుమ్ముతో, చెమటతో జుమాకు వచ్చెడివారు. స్నానము చేసి వచ్చిన బాగుండునని ప్రవక్త వారికి మృదువుగా సూచించినారు. బేతంచెర్ల గని కార్మికునికి ఈ హదీసు పరాయిది కాదు. అతని వంటివారిని చూచియే అది పలుకబడినది. అందు చెమటపై ఏవగింపు లేదు. ప్రక్కవాని సౌఖ్యమును గూర్చిన ఆలోచన ఉన్నది.

ఉల్లి, వెల్లుల్లి విషయమును ఇట్టిదే. కర్నూలు మార్కెట్టులో ఎర్రగడ్డల రాసులు చూచి పెరిగిన మనకు ఈ హదీసు ప్రత్యేకముగా తగులును. పచ్చి వెల్లుల్లి తిన్నవారు మస్జిదు దరికి రావలదని ఖైబర్ సందర్భమున, అనగా క్రీ.శ. 628లో, ప్రవక్త అన్నారు. వెంటనే జనులు అది హరామ్ అయినదని చెప్పుకొనసాగినారు. అది విని ఆయన, అల్లాహ్ హలాల్ చేసినదానిని నిషేధించు అధికారము తమకు లేదనియు, దాని వాసన తమకు నచ్చదనియు స్పష్టపరచినారు. మర్యాదను నిషేధముగా మార్చు తొందర ఈనాటిది కాదు. దానిని సరిదిద్దినవారు స్వయముగా ప్రవక్తయే.

ఇక మన కరవు సీమకు మిక్కిలి అవసరమైన హదీసులను మనము ఎంత తక్కువగా తలచుకొనుచున్నామో చూడుడు. ప్రవక్త ఒక ముద్ నీటితో వుజూ చేసెడివారు. ఒక 'సా' నీటితో, అనగా నాలుగు ముద్‌లతో, స్నానము చేసెడివారు. ముద్ అనగా రెండు చేతులు చేర్చిన దోసెడు. హనఫీలకు, ఇతరులకు ఈ కొలతలో భేదమున్నను, ఎవరి లెక్కనైనను అది ఒక లీటరుకు మించి ఎంతో ఉండదు. నిలువ నీటిలో మూత్రవిసర్జన చేయరాదని, జనులు నడుచు దారిలోను, వారు సేదతీరు నీడలోను మలవిసర్జన చేయుట శాపహేతువని హదీసులు హెచ్చరించుచున్నవి. కర్నూలు, కడప పల్లెలలో ఎండాకాలమున ఒక వేపచెట్టు నీడ విలువ ఎంతో, ఒక కుంట నీటి విలువ ఎంతో మనకు ఎవరును చెప్పనక్కరలేదు. నిలబడి త్రాగిన వృద్ధుని గద్దించిన ఆ యువకుడే, అంతకు ముందు కుళాయిని పూర్తిగా విప్పి, పది మందికి సరిపడు నీటితో వుజూ చేసినాడు. అతనిని ఎవరును ఏమియు అనలేదు. మేమును అనలేదు.

ఇవన్నియు ఆనాటి అరబ్బుల అలవాట్లేయని, మనకు పనిలేదని కొట్టివేయు విద్యావంతులును కలరు. వారితోను మేము ఏకీభవింపము. తన సముదాయమునకు కష్టమగునను సంకోచము లేకున్న ప్రతి నమాజునకు మిస్వాక్‌ను ఆజ్ఞాపించియుందుమని ప్రవక్త అన్నారు. పుల్ల వేపదైనను, చేతిలోనిది బ్రష్ అయినను నోటి శుభ్రత మారదు. అంతకన్న ముఖ్యముగా, మంచిదని తెలిసియు, జనులకు భారమగునని ఆజ్ఞను ఆపుకొన్న కరుణ అందు కనిపించుచున్నది.

ఒక పల్లెవాసి తెలియక మస్జిదులోనే మూత్రవిసర్జన చేసినప్పుడు జనులు అతనిపైకి లేచినారు. ప్రవక్త వారిని ఆపి, ఆ చోట ఒక చేద నీరు పోయుడని చెప్పి, మీరు సులభపరచుటకే గాని కష్టపెట్టుటకు పంపబడలేదని బోధించినారు. దైహిక మర్యాదలను గూర్చిన హదీసులన్నింటిని చదువుటకు ఇదియే తాళపుచెవి యని మా నమ్మకము.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక విన్నపము. దీనియాత్ తరగతిలో హదీసును చెప్పునప్పుడు దాని సందర్భమును, స్థాయిని, దానికి భిన్నముగా కనిపించు మరియొక హదీసును కూడ చెప్పించవలెను. వుజూ స్థలమున కుళాయిల ప్రక్క లీటరు చెంబులు ఉంచవలెను. విద్యార్థి మిత్రులారా, మర్యాదను బోధించుటకు ముందుగా కావలసినది మర్యాదయే. ఆ వృద్ధుడు విడిచిపోయిన సగము గ్లాసు నీరు మాకు ఇప్పటికిని గుర్తున్నది.