పాత జీపు – కొత్త బాధ్యత

తనకు సేవ చేసి అలసిన వస్తువును మనిషి మూడు విధాలుగా ఆదరిస్తాడు. పనికిరాదని పారవేయడం మొదటిది. అపురూపమని అలంకరించి దాచుకోవడం రెండవది. బాగుచేసుకొని మళ్ళీ పనిలో పెట్టుకోవడం మూడవది. మొదటి రెండూ తేలిక. మూడవది శ్రమతో, ఖర్చుతో, అన్నింటికీ మించి బాధ్యతతో కూడుకొన్నది. పాత జీపులను పునరుద్ధరించి నిత్యప్రయాణానికి వాడుకోవాలనే ఉత్సాహం నేడు కొందరు యువకులలో కనిపిస్తున్నది. అది మెచ్చుకోదగినదే. కాని ఆ ఉత్సాహానికి వివేకం తోడు కాకపోతే ప్రమాదం తప్పదని నా అభిప్రాయం.

జీపు విలాసం కోసం పుట్టిన వాహనం కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం అవసరాల కోసం రూపొందింది. యుద్ధం ముగిశాక అదే బండి పొలాలకు, కొండదారులకు చేరింది. 1940ల చివరలో మహీంద్రా సంస్థ మన దేశంలో విల్లీస్ జీపుల కూర్పును చేపట్టింది. తారురోడ్డు ఎరుగని ఎన్నో పల్లెలకు అధికారులను, వైద్యులను, ఎన్నికల సిబ్బందిని మోసుకువెళ్ళింది ఈ బండే. అమెరికా రైతుకు పికప్ ట్రక్కు ఎలాంటిదో మన పల్లెకు జీపు అలాంటిది. అలంకారం కంటే ఉపయోగమే దాని అందం. అందుకే దానిని కదలని బొమ్మగా నిలబెట్టడం కంటే నడిపించడమే దానికి తగిన గౌరవమని నేను భావిస్తాను.

అయితే నడిపించడమంటే ఏమిటో నాకు ఒక అనుభవం నేర్పింది. మా నాన్నగారి కాలపు పెట్రోలు జీపు ఒకటి ఏళ్ళ తరబడి మా ఇంటి వెనుక చింతచెట్టు కింద పడి ఉండేది. దానిని బాగుచేయించాలని పూనుకొన్నప్పుడు నేను ముందుగా చూసింది దాని రూపాన్నే. తుప్పు గీయించాను. కొత్త రంగు వేయించాను. సీట్లు కుట్టించాను. బ్రేకుల మాట వచ్చినప్పుడు, “నొక్కితే ఆగుతున్నది కదా, తరువాత చూద్దాం” అన్నాను. రెండు వారాలైనా గడవక ముందే ఒక కనుమదారి దిగుతుండగా బ్రేకు పెడలు ఒక్కసారిగా అడుగుదాకా జారిపోయింది. గేరు తగ్గించి, హ్యాండు బ్రేకు లాగి, బండిని కొండవైపు మట్టిగట్టుకు ఆనించి ఆపగలిగాను. దిగి చూస్తే, మలుపు అవతల బడి వదిలిన పిల్లలు గుంపుగా నడిచివస్తున్నారు. ఆ క్షణంలో నా జీపుకు వేయించిన రంగు నాకు సిగ్గుబిళ్ళలా కనిపించింది.

జరిగినదానికి కారణం చిన్నదే. తుప్పు తిన్న ఒక సన్నని బ్రేకు గొట్టం పగిలింది. ఆ కాలపు జీపులలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే మార్గం గుండా ద్రవం అందుతుంది. ఒకచోట గొట్టం పగిలితే నాలుగూ పనిచేయవు. నేటి కార్లలో ఈ మార్గాన్ని రెండుగా విభజించి ఉంచుతారు. ఒకటి చెడినా రెండవది కొంతవరకైనా బండిని ఆపుతుంది. నన్ను కాపాడిన హ్యాండు బ్రేకు ద్రవంతో గాక తీగతో పనిచేసేది కావడం వల్లనే ఆనాడు బ్రతికిపోయాను.

కాబట్టి పునరుద్ధరణకు ఒక క్రమం ఉండాలి. మొదట బ్రేకులు, తరువాత స్టీరింగు, చాసిస్, చక్రాలు, దీపాలు, విద్యుత్తీగలు, ఆపైన ఇంజను, అన్నిటికంటె చివర రంగు. పాత బ్రేకు పట్టీలలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరం కనుక దానిని ఊది శుభ్రం చేయరాదు. ఇంధనం సంగతీ గమనించాలి. మన దేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలుకు స్వస్తి చెప్పారు. ఆ సీసం పాత ఇంజన్ల వాల్వు సీట్లను అరుగుదల నుండి కాపాడేది. ఇప్పుడు గట్టి లోహంతో చేసిన సీట్లు వేయించడం మేలు. 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దేశమంతటా వాడుకలోకి వచ్చింది. పాతకాలపు రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోలేవు. వాటిని మార్చకపోతే ఇంధనం కారి నిప్పు అంటుకొనే ప్రమాదం ఉంది.

“ఒక్క భాగం మార్చినా బండి అసలుతనం పోతుంది” అనేవారున్నారు. వారి అభిమానాన్ని నేను తక్కువ చేయను. వారికి చట్టమే ఒక దారి చూపింది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాన్ని ప్రాచీన వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. దానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు నడపవచ్చు గాని నిత్యప్రయాణానికి వాడరాదు. రోజూ రోడ్డెక్కించదలచినవారు సాధారణ నమోదునే కొనసాగించుకోవాలి. 15 ఏళ్ళు నిండిన సొంత వాహనాన్ని తనిఖీ చేయించి, ఐదేళ్ళకొకసారి నమోదును పునరుద్ధరించుకోవాలి. నిర్మాణంలో మార్పులు చేయదలిస్తే రవాణా అధికారుల అనుమతి పొందాలి. ఈ తనిఖీని తప్పించుకొనే అడ్డదారులు వెతకడం తనను తాను మోసగించుకోవడమే.

కాలుష్యం గురించిన విమర్శ కూడా న్యాయమైనదే. పాత ఇంజను పొగను శుద్ధిచేసే సాధనాలు లేనిది. ఉన్న బండిని వాడుకోవడం వల్ల కొత్త బండి తయారీకి కావలసిన ఇనుము, శక్తి ఆదా అవుతాయన్నది నిజమే. కాని ఆ మాటను అడ్డుపెట్టుకొని కిక్కిరిసిన నగరంలో రోజంతా పొగ వదలడం తగదు. పల్లెలో, పొలం దారిలో, కొద్దిపాటి దూరాలకు వాడుకోవడం ఉచితం.

తరువాత మా జీపు మళ్ళీ షెడ్డుకు వెళ్ళింది. బ్రేకు గొట్టాలన్నీ మార్చిన వృద్ధ మెకానిక్కు తాళం చేతికిచ్చే ముందు తానే పదిమార్లు నడిపి, పదిమార్లు ఆపి చూశాడు. రంగు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పాత వస్తువు మీద ప్రేమ అంటే ఏమిటో ఆయన చేతులు చెప్పాయి. గతాన్ని రోడ్డు మీదకు తేదలచినవాడు ఆ రోడ్డు మీద నడిచే ఇతరుల ప్రాణాలకు ముందుగా పూచీపడాలి. ఆ పూచీ పడగలవాడే పాత బండికి నిజమైన యజమాని.