బ్యాండేజీ గుడ్డపై, దాన్ని తయారుచేసేవారి ఆరోగ్యంపై పరిశోధన గురించి రాజపాళయం సభ తీర్మానం

నూలు మిల్లు కార్మికులు, మరమగ్గాలవారు, బ్లీచింగ్ యూనిట్ల పనివారు, కళాశాల అధ్యాపకులు, వైద్యులు, పట్టణ పౌరులు తమిళనాడులోని విరుదునగర్ జిల్లా రాజపాళయంలో సభగా కూడి, రసాయన శాస్త్రం, ఇంజినీరింగ్, అనువర్తిత గణితం, ఆరోగ్య శాస్త్రాలలో జరుగుతున్న పరిశోధనను ఈ ప్రాంతపు సరుకైన శస్త్రచికిత్స దూది, బ్యాండేజీ గుడ్డల దృష్టితో పరిశీలించి, కింది తీర్మానాన్ని ఆమోదించారు.

సభ ముందుగా నమోదు చేస్తున్నదేమంటే, ఈ ఊరి బతుకు మిల్లు పత్తితో ముడిపడి తొంభై ఏళ్లు కావస్తోంది. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించారు. 1939లో రామరాజు సర్జికల్ కాటన్ మిల్స్ ఏర్పడింది. చత్రపట్టి, సముసిగాపురం పల్లెల్లో మరమగ్గాల మీద బ్యాండేజీ గుడ్డ నేత ఊరందరి పని అయింది. దేశంలో ఎక్కడి ఆసుపత్రిలోనైనా పుండు మీద వేసే గుడ్డ ఈ చుట్టుపక్కల మగ్గం మీద నేసినది కావచ్చు. ఈ విషయంలో మాట్లాడే హక్కు, మాట్లాడవలసిన బాధ్యత సభకు అందువల్లనే వచ్చాయి.

సభ గుర్తించినదేమంటే, చేతిలో పట్టే గాజ్ గుడ్డ ముక్కలో పైన చెప్పిన నాలుగు శాస్త్రాలకూ పని ఉంది. పచ్చి పత్తి నీటిని పీల్చదు. పోగు పైన మైనం, పెక్టిన్ పొర ఉంటుంది. మైనం బరువులో ఒక శాతానికి లోపే అయినా నీటిని దగ్గరికి రానివ్వదు. ఆ పొర పోవడానికి కాస్టిక్ సోడా ద్రావణంలో ఒత్తిడి మీద ఉడికిస్తారు, తర్వాత హైపోక్లోరైట్‌తోనో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనో తెల్లబరుస్తారు. ఉడుకు చాలకపోతే గుడ్డ తడి పీల్చదు, బ్లీచింగ్ మితిమీరితే పోగు పెళుసెక్కుతుంది. హైపోక్లోరైట్ వాడిన నీళ్లలో క్లోరిన్ చేరిన సేంద్రియ పదార్థాలు మిగులుతాయి. పెరాక్సైడ్ చివరికి నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. దూది బాగా తయారైందో లేదో తేల్చే పరీక్ష బ్రిటిష్, యూరోపియన్ ఫార్మకోపియాలలో ఉంది. సన్నని రాగి తీగతో అల్లిన చిన్న బుట్టలో 5 గ్రాముల దూది పెట్టి, నీటి మట్టానికి సుమారు ఒక సెంటీమీటరు పైనుంచి అడ్డంగా వదులుతారు. బుట్ట 10 సెకన్లలోపు మునగాలి. గ్రాము దూది కనీసం 23 గ్రాముల నీటిని పట్టి ఉంచాలి. బ్లీచింగ్ తొట్టి దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవారు చిటికెడు దూది గిన్నెడు నీళ్లలో వేసి, మునిగే తీరు చూసి వాయి బాగా వచ్చిందో లేదో చెబుతారు. ఆ అనుభవాన్ని సభ పరిశోధనకు పనికొచ్చే జ్ఞానంగానే లెక్కిస్తున్నది.

సభ గమనించినదేమంటే, ఈ పీల్చుడు వెనక ఉన్న గణితం కొత్తది కాదు. సన్నని గొట్టంలో ద్రవం పాకే దూరం గడిచిన కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుందని రిచర్డ్ లూకాస్ 1918లో, ఎడ్వర్డ్ వాష్‌బర్న్ 1921లో చూపారు. రెట్టింపు దూరం పాకడానికి నాలుగింతల సమయం పడుతుంది. ద్రవం చిక్కనైన కొద్దీ పాకుడు నెమ్మదిస్తుంది. నీటి పరీక్షలో నెగ్గిన గుడ్డ రక్తాన్ని, చీమును అదే వేగంతో పీలుస్తుందని అనుకోవడానికి వీల్లేదు. పోగుల సందులు గొట్టాల్లా నేరుగా ఉండవు, తడిసిన పోగు ఉబ్బుతుంది. ఈ తేడాలను లెక్కలోకి తెచ్చే నమూనాలు ఈ ప్రాంతపు గణిత విభాగాలకు చేతనైన పనేనని సభ నమ్ముతున్నది.

సభ గర్వంతో నమోదు చేస్తున్నదేమంటే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1940లలో రూపొందించిన ఆర్థోగోనల్ అమరికలు ఈనాటికీ కర్మాగారాల ప్రయోగాలకు ఆధారం. సోడా గాఢత, వేడి, ఉడికే సమయం, పెరాక్సైడ్ మోతాదు అనే నాలుగు అంశాలను మూడేసి స్థాయుల్లో పూర్తిగా పరీక్షించాలంటే 81 వాయిలు పెట్టాలి. ఆ అమరికతో 9 వాయిలు చాలు. చిన్న బ్లీచింగ్ యూనిట్ 81 వాయిల ఖర్చు భరించలేదు, తొమ్మిదింటికి వెనుకాడదు. అయితే వేడి, సమయం వంటి అంశాలు ఒకదాని ప్రభావాన్ని ఒకటి మార్చేచోట తొమ్మిదితో సరిపెట్టుకోరాదనీ, తేలిన ఫలితాన్ని మళ్లీ వాయి పెట్టి సరిచూడాలనీ సభ స్పష్టం చేస్తున్నది.

సభ విచారం వ్యక్తం చేస్తున్నది. వెండి నానోకణాలు, మొక్కల రసాలు, రొయ్య పెంకుల నుంచి తీసిన కైటోసాన్ అద్దిన నూలు గుడ్డ సూక్ష్మజీవులను చంపుతుందని చెప్పే పరిశోధన వ్యాసాలు ఏటేటా వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం పెట్రి పళ్లెం దగ్గరే ఆగిపోతున్నాయి. అద్దిన మందు ఉతుకుకు, స్టెరిలైజేషన్ వేడికి నిలుస్తుందా, గుడ్డ పీల్చే గుణం తగ్గుతుందా, గాయం కణాలకు హాని చేస్తుందా, మీటరుకు ఎంత ఖర్చవుతుంది అన్న ప్రశ్నలకు అనేక వ్యాసాలలో జవాబు ఉండదు. రోగుల మీద పరీక్ష దాకా వెళ్లేవి మరీ అరుదు. మనుషుల మీద జరిపే ఔషధ పరీక్షలను భారతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. గుడ్డకు ఔషధగుణం ఉందని చెప్పుకునేవారు ఆ దారిన నడవాలని సభ అభిప్రాయం. వ్యాసాల లెక్క పెరిగినంత మాత్రాన పరిశోధన పెరిగినట్టు సభ భావించదు.

సభ దాచకుండా చెప్పదలచినది మరొకటి ఉంది. జార్జ్ వింటర్ పందుల చర్మంపై చేసిన ప్రయోగాల ఫలితాలను 1962లో నేచర్ పత్రిక ప్రచురించింది. ఆరనివ్వని గాయం మీద కొత్త చర్మం, గాలికి ఆరిన గాయం మీదకంటే సుమారు రెట్టింపు వేగంతో కమ్ముకుంది. పొడి గాజ్ గుడ్డ పుండుకు అంటుకుని, విప్పేటప్పుడు కొత్తగా పట్టిన చర్మాన్ని లాగేస్తుంది. కట్టు మార్చేటప్పుడు రోగి పడే బాధ నర్సులకు రోజూ తెలిసిందే. ఆల్జినేట్, హైడ్రోజెల్, ఫోమ్ పట్టీలు ఈ అవగాహన నుంచే పుట్టాయి. పొడి గుడ్డ మీదే బతికే ప్రాంతానికి ఇది కష్టమైన మాట. అయినా శస్త్రచికిత్సలో రక్తం అద్దడానికి, పట్టీని నిలిపే పై కట్టుకు, స్రావం ఎక్కువున్న గాయానికి నూలు గుడ్డ అవసరం తీరలేదు. పొడి గుడ్డకు గిరాకీ తగ్గదన్న కొందరు సభ్యుల వేరు అభిప్రాయాన్ని నమోదు చేస్తూనే, అంటుకోని గుడ్డ, తేమ నిలిపే పట్టీల నేతకు ఈ ప్రాంతం ఇప్పటి నుంచే సిద్ధం కావాలని సభ అధిక సంఖ్యాకుల సమ్మతితో నిర్ణయించింది.

సభ తీవ్ర ఆందోళనతో నమోదు చేస్తున్నది కార్మికుల ఊపిరి సంగతి. పత్తి విప్పే బ్లోరూములో, కార్డింగ్ విభాగంలో లేచే ధూళి పీల్చినవారికి బిసినోసిస్ వస్తుంది. వారాంతపు సెలవు తర్వాత మొదటి రోజు షిఫ్టులో ఛాతీ పట్టేసినట్టు ఉండటం దాని తొలి లక్షణం. ఏళ్లు గడిస్తే ఆ బిగువు రోజూ ఉంటుంది, ఊపిరి తిరిగి మామూలుకు రాదు. పత్తిని అంటిపెట్టుకుని వచ్చే బ్యాక్టీరియా విడిచే ఎండోటాక్సిన్ దీనికి ముఖ్య కారణమని పరిశోధనలు తేల్చాయి. 1978లో అమెరికా నూలు వడికే విభాగాల్లో ఎనిమిది గంటల సగటు ధూళికి ఘనమీటరుకు 200 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. నిర్దేశించిన రీతిలో కడిగిన పత్తికి 2000లో ఆ నిబంధన నుంచి మినహాయింపులను విస్తరించింది, ఎందుకంటే కడిగితే ఎండోటాక్సిన్ తగ్గుతుంది. మన ఫ్యాక్టరీల చట్టం బిసినోసిస్‌ను తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. జాబితాలో ఉన్న జబ్బు చాలాచోట్ల రోగి చీటీలో ఉబ్బసంగానో, పొగాకు దగ్గుగానో మిగిలిపోవడం సభకు బాధ కలిగిస్తున్నది.

సభ వైద్యుల దృష్టికి తెస్తున్నదేమంటే, ఊపిరి కొలిచే స్పైరోమెట్రీలో ఎవరిని మామూలు అనాలన్న లెక్కే ఇటీవల మారింది. 2012 నాటి ప్రపంచ ఊపిరితిత్తుల ప్రమాణ సమీకరణాలు జాతి సమూహాలను బట్టి వేర్వేరు అంచనాలు ఇచ్చేవి, అందులో భారతీయులకు ప్రత్యేక సమూహం లేదు. జాతిని పక్కనపెట్టిన సమీకరణాలు 2022లో వచ్చాయి, వాటిని వాడాలని 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ సూచించింది. ఏ సమీకరణం వాడామో మారితే అదే కార్మికుడు ఒక కాగితంలో ఆరోగ్యవంతుడు, మరొక కాగితంలో రోగి అవుతాడు. పరిహారం దగ్గర ఈ తేడా కుటుంబం కడుపు మీద పడుతుంది. మిల్లులో చేరిన రోజున కొలిచిన ఊపిరే ఆ మనిషికి సరైన కొలబద్ద అని సభ నిశ్చితాభిప్రాయం.

అందువల్ల సభ తీర్మానిస్తున్నదేమంటే, ఈ ప్రాంతంలోని ప్రతి నూలు మిల్లులో కొత్తగా చేరే కార్మికునికి పనిలో దిగేముందు స్పైరోమెట్రీ చేయాలి, ఏటా మళ్లీ చేయాలి, వారపు సెలవు తర్వాతి షిఫ్టు మొదట్లోనూ చివరనూ కొలిచి తేడా చూడాలి. ఆ కాగితం ప్రతి కార్మికుని చేతికి ఇవ్వాలి. కాంట్రాక్టు మీద పనిచేసేవారికీ, ఉత్తరాది నుంచి వచ్చిన వలస కార్మికులకూ ఇదే వర్తించాలి. ఫలితం బాగా లేదన్న సాకుతో ఎవరినీ పని నుంచి తీయరాదు, ధూళి లేని విభాగానికి మార్చాలి. ధూళి కొలతలో 15 మైక్రాన్లకు మించిన పెద్ద రేణువులను వేరుచేసే నిలువు ఎల్యూట్రియేటర్ పద్ధతిని పాటించాలి. గాలి బాగా ఆడే మూలన ఒకసారి కొలిచి ముగించరాదు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఈ పనికి సాంకేతిక సలహా ఇవ్వాలని సభ కోరుతున్నది.

సభ రాజపాళయంలోని రామ్‌కో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని, రాజపాళయం రాజూస్ కళాశాలను, కృష్ణన్‌కోయిల్‌లోని కలశలింగం విశ్వవిద్యాలయాన్ని కోరుతున్నదేమంటే, గాయానికి వేసే గుడ్డపై చేసే ప్రతి పరిశోధనలో చత్రపట్టి మగ్గం నుంచి వచ్చిన గుడ్డను కనీసం ఒక నమూనాగా తీసుకోవాలి. గుడ్డ ఇచ్చిన మగ్గంవారికి ఫలితం ముందుగా చెప్పాలి, అనుకూలించని ఫలితాన్నీ చెప్పాలి. కోయంబత్తూరులోని దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంఘం వద్ద వైద్య వస్త్రాల పరీక్షకు ప్రత్యేక కేంద్రం ఉంది. అక్కడ పరీక్ష చేయించే రుసుము చిన్న యూనిట్లకు తగ్గేలా, 2020లో ఆమోదం పొందిన జాతీయ సాంకేతిక వస్త్రాల మిషన్ నిధుల నుంచి సాయం అందించాలని సభ కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖను అభ్యర్థిస్తున్నది.

సభ హర్షం వ్యక్తం చేస్తున్నదేమంటే, 2025 జనవరి నుంచి అమలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. అదే సమయంలో ప్రైవేటు కళాశాల విద్యార్థికీ, బ్లీచింగ్ యూనిట్‌లో రసాయనాలు చూసే ఉద్యోగికీ ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదని సభ నమోదు చేస్తున్నది. జిల్లా గ్రంథాలయాలకు కూడా ఈ అందుబాటు కల్పించాలని కోరుతున్నది.

సభ ఇంకా నిర్ణయించినదేమంటే, ఈ ప్రాంతంలో జరిగిన పరిశోధనల సారాంశాన్ని మూడు నెలలకొకసారి తమిళంలోనూ తెలుగులోనూ నోటితో చెప్పి, ప్రశ్నలకు జవాబులు ఇప్పించాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళ లిపి మాత్రమే చదవగల కుటుంబాలు ఇక్కడ ఎక్కువ కాబట్టి అచ్చు కరపత్రం ఒక్కటే సరిపోదు. పి.ఎస్. కుమారస్వామి రాజా తన ఇంటిని ప్రజలకు ఇవ్వగా వెలసిన గాంధీ కలా మండ్రంలో ఈ సమావేశాలకు చోటివ్వాలని దాని నిర్వాహకులను కోరుతున్నది. మొదటి సమావేశంలో హైపోక్లోరైట్ మాని పెరాక్సైడ్‌కు మారిన వాయిల ఖర్చు, గుడ్డ బలం, వదిలిన నీటి పరీక్ష ఫలితాలు చదవాలి.

సభ ఆదేశానుసారం ఈ తీర్మానపు ప్రతులను పైన పేర్కొన్న విద్యాసంస్థలకు, విరుదునగర్ జిల్లా కలెక్టరుకు, తమిళనాడు పారిశ్రామిక భద్రత, ఆరోగ్య విభాగానికి, కార్మిక రాజ్య బీమా సంస్థకు పంపాలి. తమిళ, తెలుగు ప్రతులను మిల్లు గేట్ల దగ్గర, చత్రపట్టి మగ్గాల వీధుల్లో అంటించాలి.