ప్రాచీన కావ్యములు – పదాన్వేషణ సాధనములు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డసీమలో ఇటిక్యాలపాడు స్వగ్రామముగా గల సురవరము ప్రతాపరెడ్డిగారు 1949వ సంవత్సరమున ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించిరి. రాజుల జయాపజయములు గాక, ఆంధ్రులు తినిన తిండియు, కట్టిన బట్టయు, ఆడిన ఆటలును, మ్రొక్కిన దేవతలును అందలి విషయము. దీనికి శాసనములు కొంత, విదేశీయుల యాత్రాకథనములు కొంత తోడ్పడినను ప్రధానాధారములు మన కావ్యములే. బసవపురాణము, పండితారాధ్య చరిత్రము, క్రీడాభిరామము, హంసవింశతి మున్నగు గ్రంథములను వారు కథకొరకు గాక మాటలకొరకు చదివిరి. ఒక ధాన్యము పేరో, ఒక నగ పేరో, నిఘంటుకారులు వదలిపెట్టిన ఒక ఆట పేరో వెదకికొనుచు పద్యము వెంట పద్యము పరిశీలించిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన మొదటి పురస్కారము ఆ గ్రంథమునకే వచ్చినది. అప్పటికి రెండేండ్ల క్రిందటనే గ్రంథకర్త దివంగతులైరి.

నేడు అట్టి పనికి పూనుకొను యువకునికి మనము సమకూర్చియుంచిన సాధనము లేవి?

ఈ విషయమున గ్రీకుభాషాపండితులు చేసిన కృషి పరిశీలింపదగినది. 1972లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖలో ‘థెసారస్ లింగ్వే గ్రీకే’ అను సంస్థ యేర్పడినది. హోమరు మొదలుకొని 1453లో కాన్‌స్టాంటినోపులు పతనమగువరకు గల గ్రీకు వాఙ్మయమును కంప్యూటరున కెక్కించుట దాని సంకల్పము. పిమ్మట టఫ్ట్స్ విశ్వవిద్యాలయమువారి ‘పర్సియస్’ మరియొక యడుగు ముందుకు వేసినది. అందు మూలములోని ఏ పదమును ముట్టినను, అది యే ధాతువునకు ఏ రూపమో, ఏ విభక్తియో తెలిసి, నిఘంటువులోని అర్థము ఎదుట నిలుచును. గ్రీకు క్రియకు రూపములు వందలకొలది. వాని నన్నిటిని కంఠస్థము చేయనివాడును ఇప్పుడు హోమరును తడవుకొనుచునైనను చదువగలుగుచున్నాడు. మృతభాష యని మనవారు తేలికగా పలుకు ప్రాచీన గ్రీకునకు ఇంత యుపచారము జరుగుచుండగా, కోట్లమంది మాటలాడు తెలుగు తన కావ్యములలో ఒక మాటను వెదకలేకుండుట చింతింపదగిన విషయము.

మనకు ఏమియు లేదని చెప్పుట న్యాయము గాదు. బ్రౌనుదొర నిఘంటువు, శబ్దరత్నాకరము, సూర్యరాయాంధ్రనిఘంటువు మొదలగువానిని ఒక్కచోట వెదకు సౌకర్యమును ‘ఆంధ్రభారతి’ నిర్వాహకులైన భాషాభిమానులు కల్పించిరి. పద్యమును లక్షణానుసారము పరీక్షించు ‘ఛందం’ అను సాధనము కలదు. వేలకొలది పాత పుస్తకముల పుటలు ఛాయాచిత్రములుగా అంతర్జాలమున నున్నవి. కాని ఛాయాచిత్రము చిత్రమే. దానిని చదువవచ్చును గాని అందులో వెదకుటకు వీలుపడదు. చిత్రమునుండి అక్షరములను గ్రహించు యంత్రములు పాత ముద్రణములలోని ఒత్తులవద్ద తడబడుచున్నవి.

అక్షరములు సరిగా ఎక్కినను చిక్కు తీరదు. ప్రతాపరెడ్డిగారివలె ఒకడు చెఱకు సేద్యమును గూర్చి వెదకుచున్నాడనుకొందము. అతడు నేటి వ్రాతలో ‘చెరకు’ అని కొట్టినచో శకటరేఫతో నున్న ‘చెఱకు’ దొరకదు. యంత్రమునకు ఆ రెండును వేరు వేరు సంకేతములు. శకటరేఫము వ్రాసియే వెదకినను ‘తెచ్చెనుఁ జెఱకు’ అన్నచోట ద్రుతము మీది పరుషము సరళమై, మాట జకారము వెనుక దాగికొనును. ‘జొన్నన్నము’లో అన్నము ఉన్నదని మన యింట పసిపిల్లవాడును ఎరుగును గాని, సంధిలో అకారము కలిసిపోవుటచే యంత్రమునకు తెలియదు. ఇంగ్లీషునకు ఏర్పడిన అన్వేషణయంత్రమును తెచ్చి తెలుగునకు తొడిగిన నిట్లే యుండును. ఈ సంధుల నియమములన్నియు చిన్నయసూరి 1858లోనే సూత్రములుగా కూర్చిపెట్టెను. సూత్రమనగా ఇది యున్నచో అది యగుననుటయే కదా. కంప్యూటరునకు కావలసినదియు అదియే. కావున వ్యాకరణము నెరిగిన పండితుడును, యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయనేర్చిన యువకుడును ఒక బల్లయొద్ద కూర్చుండవలయును. వీరిరువురు ఇంతవరకు ఒకరి మొగ మొకరు చూడకుండుటయే మన కొరత.

గ్రీకువారివలెనే మనకును ఛందస్సు సహాయము. ఉత్పలమాల పాదమున నిరువది యక్షరములు, పదియవ యక్షరమున యతి, రెండవ యక్షరమున ప్రాస. యంత్రము ఒక యక్షరము జారవిడిచినచో గణము చెడి తప్పు తానే బయటపడును. వచనమున కీ కావలి లేదు.

యంత్రములు వచ్చిన పిమ్మట గ్రంథము చదువువా రుండరని కొందరు పెద్దలు శంకించుచున్నారు. శంక నిర్హేతుకము గాదు. యంత్రము మాట యున్నచోటు చూపునే గాని, సోమనాథుని కాలమున ఆ మాటకు గల యర్థమును చెప్పజాలదు. అది చెప్పుటకు ప్రతాపరెడ్డిగారివంటి చదువరియే కావలయును. అయినను అట్టి చదువరి యాయుష్యమును పుటలు త్రిప్పుటలో వ్యయపరచుట ఏమి వివేకము?

2020లో తెలంగాణ ప్రభుత్వము ‘ధరణి’ పేర పొలముల లెక్కలను కంప్యూటరున కెక్కించెను. సర్వే నంబరు కొట్టిన పట్టాదారు పేరు కనబడసాగెను. దాని తప్పొప్పులు మన రైతులు బాగుగ నెరుగుదురు, ఆ చర్చ యిక్కడ వలదు. గుంట భూమికి జరిగినపాటి గణన పద్యమునకు జరుగలేదనుటయే మా మాట. తెలుగునకు ప్రాచీనభాషాప్రతిపత్తి 2008లో లభించినది. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయమునకు సురవరము ప్రతాపరెడ్డిగారి పేరిడుచు తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో చట్టము చేసినది. పేరు మార్చుటకు ఫలకము చాలును. ఆ పేరునకు తగిన పనికి ద్రవ్యమును మనుష్యులును కావలయును. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు ఆధారములైన కావ్యములనే మొదట గైకొని, పండితులచే పరిష్కరింపజేసి, సంధి విడదీసి వెదకు సాధనముతో ఎల్లరకు ఉచితముగా నందీయవలయునని ఆ విశ్వవిద్యాలయమును కోరుచున్నాము. ప్రజాద్రవ్యముతో జరుగు పనికి తాళము వేయరాదు. బసవపురాణముతో ఆరంభింపవచ్చును, ద్విపద గనుక పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము, యంత్రము తప్పు పట్టుటకును సులభము.