గ్రాఫిక్స్ కార్డు మారితే చాలదు, విద్యుత్ లెక్కా మారాలి

కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు మార్చుకోదలచినవారు మొదట ధర చూస్తారు, తరువాత మెమరీ సామర్థ్యం చూస్తారు. అది ఎంత విద్యుత్తు కోరుతుందన్నది చివరి ప్రశ్నగానే మిగిలిపోతోంది. ఒకప్పుడు ఈ అలవాటు వల్ల పెద్ద నష్టం ఉండేది కాదు. నేడు అదే నిర్లక్ష్యం వేల రూపాయలు పోసి కొన్న యంత్రాన్ని ప్రమాదంలోకి నెడుతోంది.

గత కొన్నేళ్లలో వచ్చిన మార్పును అంకెలే చెబుతాయి. ఎన్విడియా సంస్థ 2017లో విడుదల చేసిన జీటీఎక్స్ 1080 టీఐ విద్యుత్ అవసరం 250 వాట్లు. 2020 నాటి ఆర్‌టీఎక్స్ 3090కి అది 350 వాట్లకు, 2022 నాటి 4090కి 450 వాట్లకు చేరింది. 2025 జనవరిలో వచ్చిన 5090కి 575 వాట్లు కావాలి. ఈ కార్డు వాడే కంప్యూటరుకు 1,000 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని తయారీ సంస్థే సూచిస్తోంది.

వాట్లు పెరగడంతో పాటు భద్రత కోసం మిగిల్చే వెసులుబాటు తగ్గడమే అసలు సమస్య. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు అందుతాయి. మిగిలినది ఎస్ఎంపీఎస్ నుంచి కేబుల్ ద్వారా రావాలి. పాత 8 పిన్‌ల కనెక్టర్ పరిమితి 150 వాట్లు. అందులో విద్యుత్తును మోసే మూడు పిన్‌లలో ఒక్కోదానిపై సుమారు 4 ఆంపియర్ల భారం పడేది. 2022లో వచ్చిన కొత్త 16 పిన్‌ల కనెక్టర్ 600 వాట్ల వరకు మోస్తుంది. 12 వోల్టుల వద్ద అది 50 ఆంపియర్లు. దాన్ని ఆరు పిన్‌లు పంచుకుంటే ఒక్కోదానిపై 8 ఆంపియర్లకు పైగా, అంటే రెట్టింపు భారం పడుతుంది.

ఆ ఏడాది అక్టోబరులోనే 4090 కార్డుల కనెక్టర్లు కరిగిపోయిన ఘటనలు వెలుగుచూశాయి. ప్రపంచవ్యాప్తంగా సుమారు 50 ఉదంతాలు తమ దృష్టికి వచ్చాయని, కనెక్టర్ పూర్తిగా బిగియకపోవడం ఒక ప్రధాన కారణమని ఎన్విడియా నవంబరులో వెల్లడించింది. 2023లో కనెక్టర్ నమూనాను సవరించారు. అయినా 2025 ఫిబ్రవరిలో 5090 విషయంలోనూ ఇలాంటి ఫిర్యాదులే వినిపించాయి. చిన్న పొరపాటుకు ప్లాస్టిక్ కరిగేంత వేడి పుడుతున్నప్పుడు బాధ్యతను వినియోగదారుడిపైనే మోపడం న్యాయం కాదు.

భారతీయ వినియోగదారుడికి ఈ లెక్క ఇంకా క్లిష్టమైనది. ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, బెంగళూరులోని ఎస్పీ రోడ్డు, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల కార్యాలయాలు వాడి వదిలేసిన డెస్క్‌టాప్‌లు చౌకగా దొరుకుతాయి. వాటిని కొని కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించుకోవడం విద్యార్థులకు ఆకర్షణీయమైన మార్గం. కానీ అలాంటి చిన్న డెస్క్‌టాప్‌లలో ఎస్ఎంపీఎస్ సామర్థ్యం తరచూ 300 వాట్లు దాటదు. కొన్ని కంపెనీల యంత్రాల్లో కనెక్టర్లు కూడా వేరుగా ఉండడంతో బజారులో దొరికే ఎస్ఎంపీఎస్ వాటికి సరిపోదు. ఇటువంటివారికి 70 వాట్లతో స్లాటు విద్యుత్తుపైనే నడిచే 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 వంటి కార్డే సురక్షితం.

కోతలను తట్టుకునేందుకు ఇళ్లలో వాడే యూపీఎస్‌దీ ఇదే కథ. పెట్టెపై 600 వీఏ అని ఉన్నా, చాలా మోడళ్లు నిజంగా ఇవ్వగలిగేది 360 వాట్లే. 200 వాట్ల కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి పూర్తి భారంతో నడుస్తున్నప్పుడు కరెంటు పోతే, ఆ యూపీఎస్ ఆదుకోవడం కష్టం.

నెలవారీ బిల్లునూ విస్మరించలేం. 575 వాట్ల కార్డు పూర్తి భారంతో రోజుకు 4 గంటలు నడిస్తే, 30 రోజుల్లో 69 యూనిట్లు ఖర్చవుతాయి. వాడకంతో పాటు యూనిట్ ధర పెరిగే శ్లాబు విధానంలో ఇది చిన్న మొత్తం కాదు.

రిఫ్రిజిరేటర్లు, ఏసీలకు స్టార్ లేబుల్ ఉన్నందున కొనుగోలుదారుడు విద్యుత్ ఖర్చును ముందే అంచనా వేయగలుగుతున్నాడు. గ్రాఫిక్స్ కార్డుకు ఆ సౌలభ్యం లేదు. కార్డు వాడే వాట్లు, కావలసిన ఎస్ఎంపీఎస్, కనెక్టర్ రకం అన్న మూడు వివరాలను పెట్టెపైన, ఆన్‌లైన్ అమ్మకపు పేజీల్లో ధర పక్కనే ముద్రించడం తయారీదారులకు భారమేమీ కాదు. అప్పటివరకు పాత ఎస్ఎంపీఎస్ లేబుల్‌పై 12 వోల్టుల వద్ద ఎన్ని వాట్లు ఉన్నాయో చదివాకే కార్డు కొనడం మేలు.