పాత కంప్యూటరును పాత సామానులవానికి వేయకుడు

గడచిన కొన్ని మాసములుగా మన సంఘ కార్యాలయమునకు వచ్చువారిలో పలువురు ఒకే ప్రశ్న నడుగుచున్నారు. "ఇంటిలోని కంప్యూటరు బాగుగనే పనిచేయుచున్నది. అయినను దానికి కాలము తీరినదని తెరపై వ్రాత వచ్చుచున్నది. క్రొత్తది కొనవలసినదేనా?" అని. మోర్ధానా మొదలు గుడియాత్తము, రాయవేలూరు వరకు గల మన కుటుంబములలో ఇట్టి యంత్రములు చాల కలవు. బిడ్డల చదువునకో, అంగడి లెక్కలకో ఎనిమిది పదేండ్ల క్రిందట అప్పుచేసియైనను కొన్నవి అవి. తీగలు తెగలేదు, తెర పగులలేదు. అయినను "ఇక పనికిరాదు" అని అమ్మకపువాడు చెప్పుచున్నాడు. ఈ మాటలో నిజమెంత, వ్యాపారమెంత యని విచారించుట మన విధి.

నిజమున్నంతవరకు నిజమే. 2015 లో వెలువడిన విండోస్ 10 అను నిర్వహణ వ్యవస్థకు 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్ట్ సంస్థవారు రక్షణ సవరణలిచ్చుట చాలించిరి. కావలసినవారికి మరియొక సంవత్సరపు పొడిగింపు మాత్రము ప్రకటించిరి. దీని తరువాతిదగు విండోస్ 11 ను వేసికొందమన్న, అది టి.పి.ఎం. 2.0 అను రక్షణ చిప్పును, ఇంటెల్ యంత్రమైన సుమారు ఎనిమిదవ తరము మొదలు వచ్చిన ప్రాసెసరును కోరుచున్నది. అనగా 2017 కు పూర్వపు యంత్రములలో చాలవాటికి ద్వారము మూయబడినట్లే. సవరణలు లేని యంత్రముతో బ్యాంకి పనులు చేయుట, గడియ లేని తలుపునకు కాపలా లేకుండ నిద్రించుటవంటిది. ఇంతవరకు అమ్మకపువాడు చెప్పినది సత్యము. అయితే ఆ యంత్రమునకు విండోస్ తప్ప వేరు గతి లేదనుట మాత్రము సత్యము కాదు.

మేము పదవ తరగతితో చదువు చాలించి లుంగీల వర్తకమున దిగినవారము. కంప్యూటరు విద్య మాకు గురుముఖమున వచ్చినది కాదు. కావున మాకు తెలిసిన మగ్గము మాటలతోనే చెప్పుదుము. గుడియాత్తమున నేతగాడు మగ్గము కొన్న పిదప దాని పలక విప్పి చూచుటకు, తన చేతికి తగినట్లు మార్చుకొనుటకు, పొరుగువాని కొరకు అట్టిదే మరియొకటి చేయించుటకు ఎవరి సెలవు నడుగును? ఎవరినీ అడుగడు. కంప్యూటరు విషయమున మనము డబ్బిచ్చి కొనునది వాడుకొను అనుమతి మాత్రమే. లోపల నేమున్నదో చూడరాదు, మార్చరాదు, ప్రతి తీసి యితరులకీయరాదు. ఇది తగదని 1983 లో అమెరికా దేశమున రిచర్డ్ స్టాల్‌మన్ అనునతడు గ్నూ అను ఉద్యమము నారంభించెను. వాడుట, లోపల చూచి నేర్చుకొనుట, ప్రతులు పంచుట, మార్చి పంచుట, ఈ నాలుగు స్వాతంత్ర్యములు గలదానినే ఆయన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనెను. 1991 లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను అంతర్భాగమును వ్రాసి లోకమునకు విడిచెను. ఈ రెండును కలిసినదే నేడు మనము లినక్స్ అని పిలుచు వ్యవస్థ. ఇంగ్లీషున ఒకే మాట రెండర్థముల నిచ్చుటచే స్టాల్‌మన్ తన భావమును మాటిమాటికి విడమరచి చెప్పవలసివచ్చెను. మనకా చిక్కు లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు అని మన భాషయే చెప్పుచున్నది. లినక్సులలో చాల భాగము ఉచితముగ కూడ లభించుట మన అదృష్టము.

"ఇది పండితుల వ్యవహారము, మనబోటివారికి కాదు" అని కొందరనుచున్నారు. వారి జేబులోని ఆండ్రాయిడ్ ఫోను ఈ లినక్స్ అంతర్భాగముపైననే నడచుచున్నది. ప్రపంచమునందలి అతివేగపు మహాయంత్రములు అయిదువందలును 2017 నవంబరు నాటి పట్టిక మొదలు లినక్సుతోనే నడచుచున్నవి. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏండ్ల తరబడి దీనితోనే చదువుచున్నారు. అంతదూరమేల? తమిళనాడు ప్రభుత్వము 2011 సెప్టెంబరులో విద్యార్థులకు లాప్‌టాపులు పంచ నారంభించినపుడు వాటిలో విండోస్‌తో పాటు బాస్ లినక్స్ అను వ్యవస్థ కూడ నుండెను. అది చెన్నపట్టణమునందలి కేంద్రప్రభుత్వ సంస్థయగు సీ-డాక్ వారు భారతీయ భాషల కనుకూలముగ చేసినది. ఆ లాప్‌టాపులు మన యిండ్లలో కొన్ని నేటికిని అటకపై దుమ్ము తినుచున్నవి. అందు లినక్స్ కలదని ఇంటివారిలో ఎందరికి తెలియును? తెర వెలిగినపుడు రెండు పేర్లు కనుపించును. మొదటిదానిని నొక్కుట అలవాటు. రెండవదానిని తెరచి చూచినవారు మాకింకను తటస్థపడలేదు.

డబ్బు ఆదాయగుట ఒక లాభమే. కాని మేమీ సంపాదకీయమునకు పూనుకొనుట అందుకొరకు కాదు.

మన బిడ్డలు ఇంట తెలుగు మాటలాడుదురు. బడిలో తమిళము, ఇంగ్లీషు వ్రాయుదురు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత పదవ తరగతి వరకు తమిళము అందరికిని తప్పనిసరి పాఠ్యమైనది. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. తరతరములుగా మన అంగడి మాట, సంత మాట అదియే. దానిని నేర్చుటకు మనకెన్నడును అభ్యంతరము లేదు. అయితే తెలుగు బడుల సంఖ్య తగ్గి, తెలుగక్షరము నోటిలో తప్ప చేతిలో నిలువని తరమొకటి పెరుగుచున్నది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు రాజ్యాంగమున 1956 లో చేర్చిన 350-ఏ అధికరణమును మనము ప్రతి మహాసభయందు జ్ఞాపకము చేయుచునే యున్నాము. చేయవలసినదే. కాని బిడ్డ రోజున కొక గంటసేపు కూర్చుండు తెరపై "అ ఆ" లు కనుపించునట్లు చేయుటకు మనము ఏ మంత్రికిని మహజరు పెట్టనక్కరలేదు. అది మన యింటి పని.

లినక్స్ వ్యవస్థలను స్థాపించునపుడు భాషల పట్టికలో తెలుగు కలదు. దానిని కోరుకొన్న, తెరపై పేర్లు చాలవరకు తెలుగున వచ్చును. విండోస్‌లో కూడ తెలుగు కలదు గదా యందురు. కలదు. న్యాయము చెప్పవలెను. తేడా యెక్కడనగా, అక్కడి తెలుగులో తప్పున్న మనము సహించవలసినదే. ఇక్కడి తెలుగును చేసినవారు మనవంటివారే. హైదరాబాదునందలి స్వేచ్ఛ అను సంస్థవారును, ఇతర స్వచ్ఛంద కార్యకర్తలును, కళాశాల విద్యార్థులును జీతము లేక కూర్చుండి అనువదించిరి. ఫైలును దస్త్రము అనిరి. సెట్టింగులను అమరికలు అనిరి. ఫోల్డరును సంచయము అనిరి. దస్త్రము మన అంగళ్లలో తాతలనాటి నుండి ఉన్న మాటయే కావున చూచినంతనే ఇంటి వాసన వచ్చినది. సంచయమును చూచి మా యింటి ఆడవారు నవ్విరి. బాగులేదన్న మనము వేరు మాటను సూచించి పంపవచ్చును, నలుగురును ఒప్పిన అది లోకమంతట మారును. ఆంధ్ర తెలంగాణములవారు చేసిన మాటలనే మనమెల్లప్పుడును అనుసరించుట కాక, ఈ సరిహద్దు తెలుగువారి మాట యొకటియైన అందు చేరునట్లు చేయగల అవకాశము మరెచ్చట కలదు? అనువాదము సంపూర్ణము కాదనియు చెప్పవలెను. అచ్చటచ్చట ఇంగ్లీషు మాటలు మిగిలియున్నవి. ఆ ఖాళీలు మన యువకులకు పని.

తెలుగు వ్రాయుటకు రెండు మార్గములు. ప్రభుత్వమువారు నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అక్షరముల స్థానములు భారతీయ భాషలన్నిటికిని సమానము. "క" ఎల్లప్పుడును ఇంగ్లీషు "కె" మీటయందే యుండును. ఆర్.టి.ఎస్. అను రెండవ పద్ధతిలో ఇంగ్లీషక్షరములతో పలుకును వ్రాసిన తెలుగగును. రెండును లినక్సునకు ఉచితముగ లభించును. పెద్దలకు రెండవది సులభము. పిల్లలకు మాత్రము మొదటిదే నేర్పవలెనని మా యభిప్రాయము. తెలుగును ఇంగ్లీషు మీదుగ తలపోయు అలవాటు చిన్ననాడే పడరాదు.

ఈ సందర్భమున మన సంఘమునకు కలిగిన నష్టమొకటి చెప్పక తీరదు. ఇరువది యేండ్ల క్రిందట మన తీర్మానముల పుస్తకమును ఒక ముద్రణాలయమువారిచే కంప్యూటరున కెక్కించితిమి. వారు తమ ప్రత్యేక లిపిలో నెక్కించిరి. నేడా దస్త్రమును తెరచిన తెలుగునకు బదులు చిలిపి పిల్లవాడు మీటలపై చేతులాడించినట్లు ఇంగ్లీషక్షరముల గుంపు కనుపించుచున్నది. మార్పిడి చేయు ఉపకరణములున్నవని విని ప్రయత్నించితిమి. ఒత్తులు సగము లేచిపోయినవి. మన పెద్దల పేర్లు తప్పులతో నిండినవి. తుదకు చేతివ్రాత ప్రతి ఒక సభ్యుని ఇనుపపెట్టెలో దొరకుటచే బయటపడితిమి. ఇది విండోస్ దోషము కాదు. ఆనాటి అక్షరసంకేతము ఒక్కరి సొత్తగుటయే దోషము. 1991 నాటి మొదటి ప్రతియందే తెలుగునకు స్థానమిచ్చిన యూనికోడ్ ఇప్పుడు అన్ని యంత్రములందును కలదు. లిబ్రెఆఫీస్ అను ఉచిత లేఖనసాధనమున యూనికోడ్‌తో వ్రాసి, అందరెరిగిన ఓ.డి.టి. రూపమున దాచినది ఏ సంస్థ మూతపడినను చదువవచ్చును. కుటుంబ వంశవృక్షములు, పెండ్లి శుభలేఖలు, తాతల లేఖలు ఎక్కించువారు ఈ సంగతి మరువరాదు.

ఇక ఏది వేసికొనవలెను? లినక్సులు వందలకొలది కలవు. ఇంత పట్టికను చూచియే చాలమంది వెనుదిరుగుదురు. మా సలహా సూటిగ చెప్పుదుము. విండోస్ అలవాటు పడిన గృహస్థునకు లినక్స్ మింట్ అనునది. ఇది 2006 లో ఆరంభమైనది. ముఖద్వారము విండోస్‌ను పోలియుండుటచే పెద్దలు తికమకపడరు. 2024 లో వచ్చిన దాని 22వ ప్రతికి 2029 వరకు సవరణలు వచ్చునని వారు ప్రకటించియున్నారు. జ్ఞాపకశక్తి 2 జీబీ యున్నను నడచును, 4 జీబీ యున్న సుఖము. యంత్రము మరీ బలహీనమైన అందులోనే ఎక్స్.ఎఫ్.సి.ఈ. అను తేలిక రకమును కోరవలెను. ఉబుంటు కూడ మంచిదే, రెండేండ్ల కొకసారి ఏప్రిలులో వచ్చు దీర్ఘకాలపు ప్రతినే తీసికొనవలెను. అయితే అది కొంత బలిష్ఠమైన యంత్రమును కోరును. 1993 నుండి నడచుచున్న డెబియన్ వీటికి మూలపురుషుడు. నేర్చినవారికి తగును, మొదటిసారి వచ్చువారికి మేము చెప్పము. బాస్ లినక్స్ మన దేశపుది, దానిని చూచుట ధర్మము. కాని చిక్కు వచ్చినపుడు అడిగి తెలిసికొనుటకు మింట్, ఉబుంటులను వాడువారే మిక్కిలిగ దొరకుదురు. దేశాభిమానముకన్న పొరుగువాని సాయము ఇచట ముఖ్యమని మా మనవి.

వేసికొనుటకు పూర్వమే పరీక్షించు వీలుండుట ఇందలి గొప్ప సౌకర్యము. 8 జీబీ పెన్‌డ్రైవున ఎక్కించి, దానినుండియే యంత్రమును నడపి చూడవచ్చును. లోపలి డిస్కును ముట్టనక్కరలేదు. వైఫై తగులుచున్నదా, శబ్దము వచ్చుచున్నదా, ప్రింటరు పలుకుచున్నదా చూచి, నచ్చిననే స్థాపింపవచ్చును. చీర కొనుటకు ముందు మడత విప్పి చూచునట్లే.

మేము మాత్రము చూడక తొందరపడితిమి. స్థాపించునపుడు "డిస్కునంతయు తుడిచివేయవలెనా" యని యంత్రమడిగినది. అవునంటిమి. మా చెల్లెలి కుమార్తె పెండ్లి ఛాయాచిత్రములన్నియు పోయినవి. బంధువుల ఫోనులనుండి కొన్ని తిరిగి వచ్చినవి. తాళి కట్టు వేళ చిత్రము రాలేదు. మా చెల్లెలు ఇప్పటికిని ఆ మాట యెత్తును. యంత్రమునందలి తప్పేమియు లేదు. ముందుగ వేరొక డిస్కునకు ప్రతి తీయవలెనని తెలిసియు తీయని తప్పు మాది.

అంగడి యంత్రముల సంగతి వేరు. మనలో పలువురు వాడు టాలీ విండోస్ కొరకు చేసినది. లినక్సుపై దానిని నడపుటకు అదనపు ఏర్పాట్లు కావలెను, అవి అందరికి కుదురవు. గ్నూఖాతా వంటి ఉచిత లెక్కల సాధనములు మన దేశముననే తయారైనవి. కాని ఏండ్ల లెక్కలను మధ్యలో మార్చుట, నడివేసవిలో ఇంటికప్పు విప్పుటవంటి పని. డిజిటల్ సంతకపు టోకెన్ వాడువారు కూడ అది లినక్సున పనిచేయునో లేదో మొదట విచారింపవలెను. కావున అంగడిని అట్లేయుంచి, ఇంటి యంత్రముతో ఆరంభించుట మేలు.

మరియొక మాట, కొంచెము కఠినముగనే చెప్పవలసియున్నది. మన యిండ్లలోని విండోస్ ప్రతులు కొన్ని డబ్బిచ్చి కొన్నవి కావు. బాగుచేయుటకు వచ్చిన కుర్రవాడు మూడువందలు తీసికొని వేసిన దొంగ ప్రతులు. రసీదు లేని సరకును అంగడిలో అడుగు పెట్టనీయని మనము, ఇంటిలో దానిని దేవుని పటమునకు ప్రక్కన పెట్టుకొని కూర్చున్నాము. దొంగ ప్రతితో పాటు వైరస్ వచ్చుట అటుంచి, బిడ్డలు చూచుచున్నారన్న సిగ్గయినను ఉండవలెను. లినక్సును పొరుగువానికి ప్రతి తీసి యిచ్చిన అది దొంగతనము కాదు. అట్లు చేయుమనియే దానిని చేసినవారు చెప్పుచున్నారు.

వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు సంఘ కార్యాలయమున మింట్ నెక్కించిన మూడు పెన్‌డ్రైవులు సిద్ధముగ నుండును. ఇంజనీరింగు చదువుచున్న మన యువకులిద్దరు సాయము చేయ నంగీకరించిరి. ఇంటి యంత్రములు గలవారును, ఆనాటి ప్రభుత్వ లాప్‌టాపులు అటకపై నున్నవారును తీసికొనిరావలెను. ఛార్జరు మరువరాదు. ఛాయాచిత్రములను, దస్త్రములను ముందు రాత్రియే వేరుచోట ప్రతి తీసికొని రావలెను. తీయనివారి యంత్రమును పరీక్షించి చూపుదుము గాని స్థాపింపము.