పక్షిరాజు మీద మోపిన అబద్ధం

ఉజ్జీవ సభల పందిట్లో కీబోర్డు సన్నగా మోగుతుంటుంది. ఎల్‌ఈడీ తెర మీద ఓ గద్ద. దానికి 40 ఏళ్లు నిండాయట. ముక్కు వంకర తిరిగింది, గోళ్లు పట్టు తప్పాయి, ఈకలు బరువెక్కాయి. చావో బతుకో తేల్చుకోవడానికి కొండెక్కి, ముక్కును బండకేసి కొట్టుకుని ఊడగొట్టుకుంటుంది. కొత్త ముక్కు మొలిచాక దాంతో గోళ్లు పీకేసుకుంటుంది, కొత్త గోళ్లు వచ్చాక వాటితో ఈకలు. 150 రోజుల తర్వాత మళ్లీ యౌవనం, ఇంకో 30 ఏళ్ల ఆయుష్షు. పందిరంతా "స్తోత్రం" అంటుంది. బైబిల్ 103వ కీర్తనలో పక్షిరాజులా, అంటే గద్దలా, యౌవనం కొత్తదవుతుందన్న మాట ఉంది కాబట్టి కథకు వాక్యం అండ కూడా దొరికింది.

ఈ గద్ద కథలో ఒక్క ముక్కా నిజం కాదు.

గద్ద ముక్కు ఊడి మళ్లీ మొలిచేది కాదు. లోపల ఎముక, దాని మీద మన గోళ్లలాంటి పదార్థంతో తొడుగు. ఆ తొడుగు పెరుగుతూ ఉంటుంది, తిండి చీల్చేటప్పుడూ రాతికి రుద్దినప్పుడూ అరుగుతూ ఉంటుంది. ఈకలూ అంతే, విడతలవారీగా రాలుతూ వస్తుంటాయి. అన్నీ ఒకేసారి పోతే ఎగరలేదు, ఎగరలేని గద్దకు వేట లేదు, అయిదు నెలలు ఖాళీ కడుపుతో ఏ గద్దా బతకదు. 70 ఏళ్ల ఆయుష్షు సంగతా? అడవిలో బతికిన బట్టతల గద్దల్లో రికార్డుకెక్కిన పెద్ద వయసు 38. 1977లో కాలికి ఉంగరం తొడిగిన ఆ పక్షి 2015లో న్యూయార్క్ రాష్ట్రంలో వాహనం తగిలి చనిపోయింది.

ముక్కు పోయిన గద్ద ఎలా ఉంటుందో తెలియాలంటే బ్యూటీ అనే గద్ద కథ చాలు. 2005లో అలాస్కాలో ఎవరో తుపాకీతో కాలిస్తే ఆ గద్ద పై ముక్కు చాలావరకు ఎగిరిపోయింది. చెత్తకుప్ప దగ్గర చిక్కి శల్యమై దొరికింది. తినలేదు, సరిగా నీళ్లు తాగలేదు, ఈకలు దువ్వుకోలేదు. మనుషులు నోటికి అందించబట్టి ప్రాణం నిలిచింది. ఏళ్లు గడిచినా ముక్కు మునుపటిలా రాలేదు. చివరికి ఐడహోలో ఇంజనీరూ దంతవైద్యుడూ కలిసి 3డి ప్రింటర్‌తో కృత్రిమ ముక్కు చేసి అతికించారు. బండ చేయని పని బంక చేసింది.

గద్ద మళ్లీ యౌవనం పొందే కథ వాట్సాప్‌లో పుట్టిందనుకుంటే పొరపాటు. క్రీస్తు తర్వాతి తొలి శతాబ్దాల్లో గ్రీకులో వచ్చిన ఫిజియోలోగస్ అనే పుస్తకంలో ముసలి గద్ద సూర్యుడి దాకా ఎగిరి రెక్కలు కాల్చుకుని, ఊటలో మూడుసార్లు మునుగుతుంది. పెరిగిపోయిన ముక్కును బండకు కొట్టుకోవడం క్రైస్తవ వేదాంతి అగస్టీన్ రాసిన కీర్తనల వ్యాఖ్యానంలోనే ఉంది. అయితే రక్తంతో పిల్లల్ని బతికించే గూడబాతు కథ దగ్గర ఆయన ఒక జాగ్రత్త పడ్డాడు: ఇది నిజమూ కావచ్చు, అబద్ధమూ కావచ్చు అన్నాడు. ఆ ఒక్క మాటా నేటి ప్రసంగాల్లో రాలిపోయింది. దాని స్థానంలో "శాస్త్రవేత్తలు కనుగొన్నారు" వచ్చి చేరింది.

నీతి ముఖ్యం గానీ పక్షి కాదు కదా అంటారు. మరి చిన్నయసూరి నీతిచంద్రికలో కాకి మాట్లాడితే ఎవరూ తప్పు పట్టరే! అది కథని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఇక్కడ మాత్రం కల్పనను సృష్టికర్త చేతిపనిగా, సాక్ష్యంగా నిలబెడుతున్నారు. పైగా నీతి కూడా తిరగబడింది. కీర్తనలో యౌవనం దేవుడు ఇచ్చే మేలు. వీడియోలో అది పక్షి తనను తాను హింసించుకుని సంపాదించుకున్న జీతం. అందుకే మేనేజ్‌మెంట్ శిక్షకులు ఇదే కథను అక్షరం మార్చకుండా వాడుకోగలుగుతున్నారు, అందులో కృపకు చోటే లేదు గనుక. అప్పులతో, జబ్బుతో కుంగి వచ్చిన మనిషికి "నీ ముక్కు ఇంకా పగల్లేదు" అని చెప్పి పంపడం ఏ సువార్త?

ప్రకృతిలోంచి నచ్చిన పాఠాలే ఏరుకోవడం ఇంకో తమాషా. జింబాబ్వేలో ఒక నల్ల గద్దల గూటిని గమనిస్తే, పెద్ద పిల్ల మూడు రోజుల్లో చిన్నదాన్ని 1,569 సార్లు పొడిచింది. చిన్నది చచ్చిపోయింది. కుటుంబ ప్రార్థనలో ఈ గూటి పాఠం ఎవరూ చెప్పరు. ప్రకృతి దేవుడి పుస్తకమైతే నచ్చని పేజీలు చింపేసే హక్కు ప్రసంగికుడికి ఎవరిచ్చారు?

బైబిల్ ఇంతకంటే నిజాయితీగా చూసింది. యోబు గ్రంథం 39వ అధ్యాయంలో పక్షిరాజు పిల్లలు రక్తం తాగుతాయి, శవమున్న చోట అది వాలుతుంది. ఆ వర్ణనకు నీతి తోక తగిలించలేదు. హీబ్రూలో ఆ పక్షి నెషెర్. మీకా మొదటి అధ్యాయంలో బోడితనాన్ని దానితో పోల్చారు కాబట్టి అది గద్ద కాదు, రాబందు అని చాలామంది పండితుల అభిప్రాయం.

ఆ రాబందుల చుట్టాలు తెలంగాణలోనే కనిపించాయి. బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టిన సంగతి 2013లో వెలుగులోకి వచ్చింది. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వీటి మూత్రపిండాలను దెబ్బతీసి దేశంలో జాతినే తుడిచిపెట్టినంత పని చేసింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఈ జాతి ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు. తల్లీ తండ్రీ వంతులేసుకుని దాన్ని పొదుగుతాయి. వాటికి కొండ మీద ముక్కు పగలగొట్టుకునే తీరిక లేదు.